పసుపు చేను ఎత్తు చూసి మురిసిపోవద్దు: అసలు దిగుబడి ఎక్కడ దాగి ఉంటుంది?

కేసముద్రం మార్కెట్ యార్డుకు పసుపు వచ్చే రోజుల్లో ఒకసారి పొద్దున్నే వెళ్లి చూడండి. కాడి ఒక పక్క, గోళ ఒక పక్క రాశులు పోసి ఉంటాయి. ఖరీదుదారు వచ్చి ఒక కాడి తీసి చటుక్కున విరుస్తాడు. లోపలి రంగు చూస్తాడు, చప్పుడు వింటాడు. బాగా ఎండిన కొమ్ము టక్కుమని విరుగుతుంది, మెత్తగా వంగిందంటే ఇంకా తేమ ఉన్నట్టే. ఇదంతా అర నిమిషం పని. ఎనిమిది, తొమ్మిది నెలల కష్టానికి రేటు ఆ అర నిమిషంలో తేలిపోతుంది.

చేనులో ఉన్నప్పుడు ఆ చెట్టు ఎంత ఎత్తు పెరిగింది, ఆకు ఎంత నిగనిగలాడింది అని ఖరీదుదారు అడగడు. అడగాల్సిన అవసరం కూడా అతనికి లేదు.

మా మామూ కేసముద్రం దగ్గర రెండెకరాల్లో పసుపు వేస్తారు. కిందటి పంటకు ఇంటి విత్తనం పక్కనపెట్టి, తెలిసినవాళ్ల ద్వారా కొత్త విత్తనం కొన్నారు. దసరా నాటికి ఆ చేను చూసిన వాళ్లంతా మాషా అల్లాహ్ అన్నారు. ఆకు భుజం దాకా వచ్చింది. తవ్వినప్పుడు పచ్చి పసుపు కూడా బాగానే తూగింది. తీరా ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించాక బస్తాలు లెక్కపెడితే, పక్క చేనులో నడుము దాకే పెరిగిన నాటు పసుపుకు వచ్చినన్ని కూడా రాలేదు. "గింత పంట ఏమైంది బేటా, హల్దీ ఎండలో ఆవిరైపోయిందా ఏంది?" అని నన్నడిగారు.

నేను చదివింది బీకాం, వ్యవసాయం కాదు. కానీ ఆయన ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే తెలిసింది ఏంటంటే, పసుపు మీద పరిశోధన చేసే శాస్త్రవేత్తలు కూడా ఎన్నో ఏళ్లుగా దాదాపు ఇదే ప్రశ్న వేసుకుంటున్నారు. చెట్టులో ఏ లక్షణం చూస్తే దిగుబడి ముందే తెలుస్తుంది? ఎత్తా, ఆకులా, పిలకలా, దుంపా? ఈ జవాబు వాళ్లకు కొత్త రకాలు ఎంచుకోవడానికి కావాలి. మనకు విత్తనం ఎంచుకోవడానికి కావాలి. ఎకరానికి 8 నుంచి 10 క్వింటాళ్ల విత్తన పసుపు పడుతుంది కాబట్టి ఇది చిన్న ఖర్చు కాదు. తప్పుడు విత్తనం పెడితే ఏడాదంతా పోయినట్టే.

ముందు పసుపు మొక్క సంగతి ఒకటి తెలుసుకోవాలి. మిగతా అన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. వరిలో, మిర్చిలో రెండు రకాలను కలిపి కొత్త రకం తయారు చేస్తారు. పసుపులో అది అంత సులువు కాదు. జంతువులకైనా మొక్కలకైనా మామూలుగా క్రోమోజోములు జతలు జతలుగా ఉంటాయి. మనం పండించే పసుపులో మాత్రం 21 క్రోమోజోముల సెట్లు మూడు, మొత్తం 63. మూడింటిని రెండు సమ భాగాలు చేయలేం కదా. అందుకే పువ్వు పూసినా గట్టి గింజ కట్టడం చాలా అరుదు. మనం దుంపనే విత్తనంగా పెడతాం. అంటే కొత్త మొక్క పాత మొక్కకు బిడ్డ కాదు, అదే మొక్కకు ఇంకో కాపీ. మన చేనులో ఉన్నది ఒకే రకమైతే, అందులోని వేల మొక్కలూ లోపల ఒక్కటే.

దీని వల్ల రైతుకు సూటిగా తగిలే విషయం ఒకటుంది. చేనులో అన్నిటికన్నా ఎత్తుగా పెరిగిన మొక్కలకు గుర్తు పెట్టి, వాటి దుంపనే విత్తనానికి దాచే అలవాటు చాలామందికి ఉంది. నాటు రకంలో రెండు మూడు రకాలు కలిసిపోయి ఉంటే దీనివల్ల కొంత లాభం ఉండొచ్చు. కానీ ఒకే రకమున్న చేనులో ఆ మొక్క ఎత్తు పెరిగింది దాని జాతి గొప్పదై కాదు. ఎరువు కుప్ప పోసిన చోట మొలిచి ఉంటుంది, లేదా నీళ్లు ఎక్కువ అందిన మూల అయి ఉంటుంది. వచ్చే ఏడు వేరే చోట పెడితే ఆ ఎత్తు రాదు. విత్తనానికి లావుగా, బరువుగా, కుళ్లు లేకుండా ఉన్న దుంపను దాచడం మాత్రం మంచి పనే. మొలకకు మొదటి రోజుల్లో తిండి అందులోంచే వస్తుంది, దుంప కుళ్లు తెగులు కూడా విత్తనంతోనే చేనులోకి వస్తుంది. అయితే అది ఆరోగ్యం చూసుకోవడం అవుతుంది, రకం మారడం కాదు.

ఇలాంటి మొక్కతో శాస్త్రవేత్తలు చేసేది ఏంటంటే, ఊరూరా ఉన్న నాటు రకాలను సేకరించి, ఒకే మడిలో, ఒకే ఎరువుతో, పక్కపక్కనే పెంచి కొలుస్తారు. దుగ్గిరాల, ఆర్మూరు, మైదుకూరు, టేకూరుపేట లాంటి పేర్లు ఇలా ఊళ్ల మీదుగా వచ్చినవే. ఇవి దాదాపు తొమ్మిది నెలల పంటలు. కేసరి రకాలు ఎనిమిది నెలలు, కస్తూరి రకాలు ఏడు నెలలు. మన రాష్ట్రంలో ఈ పని నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లిలోని పసుపు పరిశోధనా స్థానంలో జరుగుతుంది. దేశం మొత్తానికి కేరళలోని కోజికోడ్‌లో ఉన్న భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధనా సంస్థ పెద్ద దిక్కు.

ఒక్కో రకానికి ఎత్తు ఎంత, ఆకులు ఎన్ని, ఆకు పొడవు వెడల్పు ఎంత, పిలకలు ఎన్ని, తల్లి దుంప బరువు ఎంత, పిల్ల కొమ్ములు ఎన్ని, వాటి పొడవు లావు ఎంత, ఎండితే ఎంత మిగులుతుంది, కుర్కుమిన్ ఎంత అని రాసుకుంటారు. తర్వాత ఏది పెరిగితే దిగుబడి పెరుగుతోందో లెక్క కడతారు. దీన్ని సహసంబంధం అంటారు. బీకాంలో స్టాటిస్టిక్స్ పేపర్ రాసిన వాళ్లకు ఇది పాత చుట్టమే, కోరిలేషన్.

కానీ కోరిలేషన్ ఒక్కటే చూస్తే మోసపోతాం. దుకాణం ఉదాహరణ తీసుకోండి. రంజాన్ నెలలో ఒక హోటల్లో లైట్ల కరెంటు బిల్లు పెరుగుతుంది, హలీం అమ్మకాలూ పెరుగుతాయి. రెండూ కలిసి పెరిగాయని లైట్లు ఎక్కువ పెడితే హలీం ఎక్కువ అమ్ముడుపోదు. రెండిటి వెనకా జనం రావడమనే మూడో కారణం ఉంది. మొక్కలోనూ అంతే. ఎత్తుకు, దిగుబడికి సంబంధం కనిపిస్తే ఎత్తే దిగుబడిని తెస్తోందా, లేక ఎత్తున్న మొక్కకు ఆకులూ ఎక్కువ ఉండి, ఆ ఆకులు దుంపను పెంచుతున్నాయా? దీన్ని విడదీసే లెక్క అమెరికా శాస్త్రవేత్త సీవాల్ రైట్ వందేళ్ల కిందటే తయారు చేశారు. 1959లో డ్యూయీ, లూ అనే ఇద్దరు దాన్ని ఒక గడ్డి మొక్క గింజ దిగుబడి మీద వాడి చూపించారు. అప్పటి నుంచి ప్రపంచమంతా పంటల పరిశోధనలో ఇదే వాడుతున్నారు. పేరు పాత్ అనాలిసిస్. ఏ లక్షణం నేరుగా పనిచేస్తోంది, ఏది ఇంకొకరి చాటున పనిచేస్తోంది అని ఇది చెబుతుంది.

పసుపు మీద ఈ లెక్కలు కట్టినప్పుడు ఎక్కువసార్లు తేలేది ఇది. ఎత్తు, ఆకుల సంఖ్య, ఆకు వైశాల్యం, పిలకలు దిగుబడితో పాటే పెరుగుతాయి, నిజమే. కానీ నేరుగా బలం చూపించేది నేల కింద ఉన్నదే: తల్లి దుంప బరువు, దాని నుంచి మొదట వచ్చే పిల్ల కొమ్ముల బరువు, లావు. ఎత్తు బలంలో చాలా భాగం ఆకుల మీదుగా, దుంప మీదుగా వచ్చే బలమే.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. దుంప బరువు పెరిగితే దిగుబడి పెరుగుతుందని చెప్పడానికి ఇంత లెక్క ఎందుకు? జీతం పెరిగితే ఆదాయం పెరుగుతుందన్నట్టు ఉంది కదా. కొంచెం ఆలోచిస్తే అందులో పనికొచ్చే మాట కనిపించింది. దుంపలో ఏ భాగం అన్నది ముఖ్యం. ఒక మొక్కకు సన్న సన్న కొమ్ములు పది ఉండొచ్చు, ఇంకో మొక్కకు లావైనవి ఆరే ఉండొచ్చు. తవ్వి చూసినప్పుడు గుబురుగా ఉన్న మొదటిదే మన కంటికి నచ్చుతుంది. తూకంలో మాత్రం రెండోది గెలవొచ్చు. కొమ్ముల మీద మళ్లీ పుట్టే చిన్న కొమ్ములు ఉడకడం, ఎండడం ఒక్క తీరుగా జరగవు, పాలిష్ డ్రమ్ములో విరిగి చూర అవుతాయి. కాబట్టి ఎన్ని కొమ్ములు అని కాదు, మొదటి కొమ్ములు ఎంత నిండుగా ఉన్నాయి అని చూడాలి.

మరి ఎత్తు ఎందుకు మోసం చేస్తుంది? పసుపుకు మనం కాండం అనుకునేది అసలు కాండమే కాదు. అరటి బోదె లాగా ఆకుల మట్టలు ఒకదాని చుట్టూ ఒకటి చుట్టుకున్నవి. అసలు కాండం నేల కింద ఉన్న దుంపే. మొక్కజొన్నో, చెట్ల నీడో మీద పడితే వెలుతురు కోసం మట్టలు సాగి మొక్క ఎత్తవుతుంది. యూరియా ఎక్కువ వేస్తే ఆకు పచ్చగా, మెత్తగా ఎదుగుతుంది. రెండిట్లోనూ ఎత్తు పెరిగింది కానీ దుంపకు పంపే పిండి పదార్థం ఆ మేరకు పెరగలేదు.

అందుకే ఎత్తు కన్నా ఆకులు ఎన్నాళ్లు పచ్చగా నిలబడ్డాయి అన్నది మంచి గుర్తు. నాలుగో నెల దాటాక దుంప ఊరుతుంది. ఆ నెలల్లో ఆకు మచ్చ తెగులు వచ్చి ఆకులు ఎండిపోతే, అంతకు ముందు భుజం దాకా పెరిగినా లాభం లేదు. వంటింట్లో పొయ్యి పెద్దదే, కట్టెలు అయిపోయాయి అన్నట్టు ఉంటుంది ఆ చేను పరిస్థితి.

ఇక మామూ ప్రశ్నకు అసలు జవాబు. పచ్చి పసుపులో ఎక్కువ భాగం నీళ్లే. వంద కిలోల పచ్చి పసుపు ఉడకబెట్టి ఎండబెడితే ఎన్ని కిలోలు మిగులుతుందో దాన్నే ఎండు శాతం అనుకుందాం. ఇది రకాన్ని బట్టి చాలా మారుతుంది. ఎంత మారుతుందో కోజికోడ్ సంస్థ తన రకాల గురించి ఇచ్చిన సగటు లెక్కలు చూస్తే కళ్లు తిరుగుతాయి.

సువర్ణ అనే రకం హెక్టారుకు 17.4 టన్నుల పచ్చి పసుపు ఇస్తుంది, ఎండు శాతం 20. సుగుణ అనే రకం 29.3 టన్నులు ఇస్తుంది, ఎండు శాతం 12. మన లెక్కలోకి మారిస్తే సువర్ణ ఎకరానికి దాదాపు 70 క్వింటాళ్ల పచ్చి, సుగుణ దాదాపు 119 క్వింటాళ్ల పచ్చి. చేను దగ్గర నిలబడి చూసిన ఎవరైనా సుగుణ రైతునే అదృష్టవంతుడు అంటారు. ఎండబెట్టాక చూడండి: సువర్ణ 14 క్వింటాళ్లు, సుగుణ కూడా 14 క్వింటాళ్లే!

కామర్స్ భాషలో చెప్పాలంటే పచ్చి తూకం టర్నోవర్, ఎండు తూకం చివరికి మిగిలే మార్జిన్. పైగా ఈ టర్నోవర్‌కు ఖర్చు ఉంది. ఎకరానికి 49 క్వింటాళ్లు ఎక్కువ తవ్వాలి, కూలీలతో ఏరించాలి, కడాయి దాకా మోయాలి, ఉడకబెట్టాలి, కళ్లంలో ఆరబోయాలి. అంతా చేసి చివరికి ఆవిరి చేసింది నీళ్లను. మామూకు సరిగ్గా ఇదే జరిగి ఉంటుందని నా అనుమానం. ఆయన కొన్న విత్తనం ఏ రకమో అమ్మినవాళ్లు చెప్పలేదు, ఈయనా అడగలేదు.

ఇంకో కొసను చూస్తే ఒడిశాలోని పొట్టంగి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన రోమా రకం ఉంది. పచ్చి దిగుబడి హెక్టారుకు 20.7 టన్నులే, ఎండు శాతం మాత్రం 31. అంటే ఎకరానికి 84 క్వింటాళ్ల పచ్చి నుంచి 26 క్వింటాళ్ల ఎండు. పచ్చి, ఎండు రెండూ దొరికినది కోజికోడ్ వాళ్ల ప్రతిభ రకం: 39.1 టన్నుల పచ్చి, 18.5 శాతం ఎండు, పంట కాలం 188 రోజులు. ఇవన్నీ పరిశోధన మడుల లెక్కలు, వేర్వేరు నేలల్లో వచ్చినవి. కేసముద్రం నేలల్లో అక్షరాలా ఇంతే వస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. నేను చెప్పేది ఒక్కటే, విత్తనం కొనేటప్పుడు "పచ్చి ఎంత వస్తది" అని ఒక్క ప్రశ్నతో ఆగిపోవద్దు.

పసుపులో అరుదుగా కట్టే ఆ గింజల కథ కూడా ఇక్కడ చెప్పాలి. ప్రభ, ప్రతిభ రకాలు దుంప నుంచి ఎంచినవి కావు. పువ్వుల నుంచి అరుదుగా దొరికిన గింజలను మొలకెత్తించి, ఆ మొక్కల్లోంచి ఏరి తీసినవి. తమిళనాడు వాళ్లు వేరే దారి పట్టారు. ఈరోడ్ నాటు పసుపుకు ఎక్స్-రే కొట్టి, మారిన మొక్కల్లోంచి కో-1, బీఎస్ఆర్-1 రకాలు తీశారు. ఈ రెండూ 285 రోజుల పంటలు. దుంప ఊరడానికి ఎక్కువ టైం దొరికితే దిగుబడి ఎక్కువ వస్తుందని పాతకాలం నుంచి అనుకునేవాళ్లం. 188 రోజుల ప్రతిభ ఆ లెక్కను మార్చేసింది. తర్వాత అదే సంస్థ ఇచ్చిన ప్రగతి రకం 180 రోజులకే తవ్వకానికి వస్తుంది, నులిపురుగులను తట్టుకుంటుంది, నీటి వసతి ఉన్నచోట హెక్టారుకు 38 టన్నుల పచ్చి పసుపు సగటు. బావుల్లో నీళ్లు అడుగంటే మన దగ్గర రెండు, మూడు నెలలు ముందు తవ్వడమంటే ఎంత తేడానో రైతుకు చెప్పక్కర్లేదు. జూన్‌లో పెడితే డిసెంబర్‌కల్లా చేను ఖాళీ అవుతుంది, ఇంకో పంట కూడా వేసుకోవచ్చు.

ఇక కుర్కుమిన్. ఈ మధ్య వాట్సాప్‌లో దీని గురించి వచ్చే మెసేజ్‌లు చూస్తే పసుపంటే కుర్కుమినే అనిపిస్తుంది. పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం అది. మందుల కంపెనీలు, ఎగుమతిదారులు దాని శాతం చూస్తారు. దిగుబడికి, కుర్కుమిన్‌కు నమ్మదగ్గ సంబంధం లేదు. బాగా పండే చెట్టుకు కుర్కుమిన్ ఎక్కువ ఉండాలని లేదు, తక్కువ ఉండాలనీ లేదు. పైన చెప్పిన కో-1 పచ్చి దిగుబడి 30.5 టన్నులు, కుర్కుమిన్ 3.2 శాతం. ప్రతిభలో 6.2 శాతం. పైగా ఒకే రకంలో కూడా నేల, వాతావరణం మారితే ఈ శాతం మారుతుంది. కేరళలో కొలిచిన అంకె చూపించి మన దగ్గర విత్తనం అమ్మితే దాన్ని ల్యాబ్‌లో కొలిచేదాకా నమ్మకూడదు. యార్డులో కాడి విరిచి చూసే ఖరీదుదారు కంటికి రంగు తెలుస్తుంది కానీ శాతం తెలియదు. కాబట్టి కుర్కుమిన్ కోసమే ఖరీదైన విత్తనం కొనే ముందు, దానికి వేరుగా రేటు ఇచ్చే కొనుగోలుదారు ఉన్నాడా అని చూసుకోవాలి. 2025 జనవరి 14న మొదలైన జాతీయ పసుపు బోర్డు కేంద్ర కార్యాలయం నిజామాబాద్‌లోనే ఉంది. నాణ్యతకు తగ్గ రేటు అన్న మాట నిజమవ్వాలంటే, శాతం కొలిచే ఏర్పాటు కేసముద్రం లాంటి యార్డుల దాకా రావాలి.

విత్తనం ఎంచుకోవడానికి మన ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది, దానికి తరాజు, గిన్నె చాలు. తవ్వకం రోజున రకానికి ఒక్కో చోట నుంచి కాకుండా చేను నాలుగు మూలల నుంచి, నడుమ నుంచి దుంపలు తీసి, మట్టి కడిగి, సరిగ్గా పది కిలోలు తూచాలి. తల్లి దుంపలు, పిల్ల కొమ్ములు రెండూ అందులో ఉండాలి. విడిగా ఉడకబెట్టి, మిగతా పంటతో పాటే పదిహేను రోజులు ఎండబెట్టాలి. కాడి టక్కుమని విరిగే దాకా ఆగి మళ్లీ తూచాలి. రెండు కిలోలు వస్తే ఎండు శాతం 20. కిలో రెండు వందలే వస్తే 12. ఈ అంకెను చేను మొత్తం పచ్చి తూకంతో గుణిస్తే రకం అసలు బలం తెలుస్తుంది. పక్క చేను వాళ్లు కూడా ఇలాగే చేస్తే రెండు రకాలు పోల్చుకోవచ్చు. అయితే ఎరువు, నీళ్లు, నాటిన తేదీ ఒకేలా లేకపోతే ఆ పోలికను కొంచెం జాగ్రత్తగా తీసుకోవాలి. శాస్త్రవేత్తలు ఒకే మడిలో పక్కపక్కనే పెంచేది అందుకే. కొత్త రకం కొనాలనుకుంటే మొదటి ఏడు రెండెకరాలకూ కొనకుండా రెండు మూడు గుంటల్లో మన విత్తనం పక్కనే పెట్టి చూడటం మేలు. పెట్టింది దుంపే కాబట్టి నచ్చితే అదే మరుసటి ఏటికి విత్తనం అవుతుంది.

రకం పేరు, ఎండు శాతం, పంట కాలం లాంటివి అడగడానికి మన మహబూబాబాద్ జిల్లాలోనే మల్యాలలో ఉద్యాన పరిశోధనా స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. మల్యాల పరిశోధనా స్థానమూ, కమ్మర్‌పల్లి స్థానమూ ఉద్యాన విశ్వవిద్యాలయం కిందివే.

మామూకు ఇదంతా ఫోన్లో చెప్పాను. మధ్యలో మామీ ఫోన్ తీసుకుని, "కూరలోకి అయితే మన పాత పసుపే ముద్దగా, రంగుగా వస్తది, నేను ముందే చెప్పిన" అన్నారు. ఈసారి ఎకరంన్నరలో పాత నాటు పసుపు, మిగిలిన దాంట్లో కొత్త రకం పెట్టారు. రెండు గిన్నెలు, రెండు చీటీలు సిద్ధంగా ఉన్నాయి. తవ్వకానికి నేనూ వెళ్తున్నాను, తూచేటప్పుడు రాసుకునే పని నాది.